నీళ్లు చొరని బూట్లు

కేరాఫ్ నిరోష, మహిళా హాస్టల్,
యూనివర్సిటీ క్యాంపస్, తార్నాక
24 జూన్ 1996

చిన్నాయనకు ప్రవళిక వందనాలు.

అమ్మా నేనూ బాగున్నాం. క్రిస్మస్‌కు నువ్వు పంపిన దుప్పటి అమ్మ ఇంకా మడత విప్పలేదు. "చుట్టాలొస్తె పరుస్తం తియ్" అంటుంది. మాకు చుట్టాలంటే నువ్వొక్కడివే. నువ్వు పుణె వెళ్లి పద్నాలుగేళ్లయింది, ఒక్కసారి కూడా రాలేదు.

ఈ ఉత్తరం అమ్మకు తెలియకుండా రాస్తున్నాను. జవాబు మాణికేశ్వర్ నగర్ ఇంటికి రాయకు. పైన ఉన్నది నా స్నేహితురాలు నిరోష చిరునామా. అక్కడికే రాయి.

క్యాంపస్ వెనకవైపు సూర్యనారాయణ అనే ఆయన గుర్రపు స్వారీ బడి నడుపుతున్నాడు. ఆరు గుర్రాలు. రెండు నెలలుగా నేను అక్కడ పని చేస్తూ స్వారీ కూడా నేర్చుకున్నాను. పొద్దున ఐదున్నరకు వెళ్లి లాయం కడిగి, లద్ది ఎత్తి, దాణా కలుపుతాను. ఏడింటికి కార్లలో పిల్లలు దిగుతారు. వాళ్లను గుర్రం ఎక్కించి, నేనూ ఒక గుర్రం మీద పక్కనే వస్తూ నేర్పిస్తాను. తొమ్మిదికల్లా చేతులు కడుక్కుని ఎం.ఏ. క్లాసులో కూర్చుంటాను. నేను రీడింగ్ రూంలో చదువుకుంటున్నానని అమ్మ అనుకుంటోంది. నాన్న గుర్రాల దగ్గర పని చేస్తూనే చనిపోయాడు కాబట్టి గుర్రం అన్న మాటే ఆమె దగ్గర ఎత్తలేను.

బాధంతా కాళ్లతో. వానలు పడ్డప్పటి నుంచి లాయం ముందు చీలమండల దాకా బురద, లద్ది, గుర్రాల ఉచ్చ. నా కాన్వాస్ బూట్లు ఒక్క గంటలో నానిపోతాయి. వేళ్ల మధ్య తోలు తెల్లగా ఊడి వస్తోంది. మొన్న ఒకావిడ తన కూతుర్ని తీసుకొచ్చింది. పాపకు మోకాళ్ల దాకా నల్లగా మెరిసే బూట్లు. నా కాళ్లవైపు చూసి, సూర్యనారాయణ గారితో, "మీ టీచర్‌కు కనీసం షూస్ కూడా లేవా? ఈమె చేతికి పిల్లనెట్లా ఇవ్వను?" అంది. ఆయన నన్ను పక్కకు పిలిచి, "బూట్లు నీ సొంతం తెచ్చుకో అమ్మా. లేకపోతే లాయం పనికే ఉండు. స్వారీ వద్దు," అన్నాడు. లద్ది ఎత్తడానికి పనికొచ్చే కాళ్లు గుర్రం ఎక్కడానికి పనికి రావట!

నువ్వు పుణెలో స్వారీ బూట్లే కుడతావు కదా. ఒక్క జత కుట్టి పంపు చిన్నాయనా. నీళ్లు లోపలికి రాకూడదు, అవే వేసుకొని గుర్రం ఎక్కగలగాలి, మూడు గంటలు నిలబడ్డా కాలు నొయ్యకూడదు. ఇంకేమీ అడగను.

నీ బిడ్డ,
ప్రవళిక


పుణె
3 జూలై 1996

చి. ప్రవళికకు చిన్నాయన ఆశీస్సులు.

ఉత్తరం అందింది. ఇక్కడ వానలు ఎక్కువ, పనీ ఎక్కువ. దుకాణంలో ఒప్పుకున్నవే పూర్తి కావడం లేదు. నీకు బూట్లు కుట్టడం నాతో కాదు.

ఆ పని మానెయ్యి బిడ్డా. ఎం.ఏ. చదివే ఆడపిల్లకు గుర్రాల దగ్గరేం పని? ట్యూషన్లు చెప్పుకో. వదినెకు తెలియకుండా చేసే పని మంచిది కాదు. కాళ్లకు కొబ్బరినూనె రాయి. మంచి శాండిల్స్ ఒక జత పంపిస్తాను, కాలేజీకి వేసుకో.

ప్రభువు నిన్ను కాపాడుగాక.

దానియేలు


తార్నాక
12 జూలై 1996

చిన్నాయనా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎక్కడైనా ప్రేమ కనిపిస్తుందేమోనని చూశాను. కొబ్బరినూనె కనిపించింది.

పుణెలో ఎవరెవరి పిల్లలకో కుడతావు. వాళ్ల పిక్కల కొలతలు, మడమల కొలతలు నీ పుస్తకంలో పేజీలకు పేజీలు ఉంటాయి. అన్న కూతురి కొలత రాయడానికి మాత్రం ఒక్క కాగితం దొరకలేదా? మా తాత ఊరందరికీ చెప్పులు కుట్టాడు. ఆయన మాత్రం దొర గడీ ముందు నుంచి వెళ్లాలంటే ఆ చెప్పులే విప్పి చంకలో పెట్టుకొని నడిచాడు. నువ్వే చెప్పావు ఇది, నన్ను భుజం మీద ఎక్కించుకొని. నాకు అప్పుడు ఆరేళ్లు. ఇప్పుడు నువ్వూ ఆ దొర మాటే మాట్లాడుతున్నావు. నీకు బూట్లెందుకు, నీకు గుర్రమెందుకు!

పని మానెయ్యమంటున్నావు. అమ్మ మోకాళ్లు వాచి, బడిలో పిల్లల్ని ఎత్తలేక మధ్యాహ్నానికే వచ్చేస్తోంది. ఆమె ఆయా పని ఎన్నాళ్లుంటుందో తెలియదు. ఈ సంగతి నీకు రాయొద్దంది. రాస్తున్నాను. ఇంకొకటి కూడా విను. నాకు ఆ పని ఇష్టం. జీను మీద కూర్చున్నప్పుడు నన్నెవరూ కిందికి చూసి మాట్లాడరు.

నీ బూట్లు అక్కర్లేదు. మునిసిపాలిటీ వాళ్లు నాలాల్లో దిగడానికి వేసుకునే గంబూట్లు కొనుక్కున్నాను. మోకాలి కింది దాకా వస్తాయి. అడుగున టైరుకున్నట్టు ఇంత లోతు పండ్లు. దుకాణం ఆయన నొక్కి చూపిస్తూ, "గీ పండ్లు జూడు మేడం, బురదల జారవు, సచ్చినా ఇడ్వవు," అన్నాడు. చుక్క నీరు రావడం లేదు. లోపల చెమట పడుతుంది, నడుస్తుంటే టపటప చప్పుడవుతుంది, అయినా పొడిగా ఉన్నాయి. వాటితోనే లాయం కడుగుతున్నాను, వాటితోనే గుర్రం ఎక్కుతున్నాను.

శాండిల్స్ పంపకు. పంపితే వాపసు చేస్తాను.

ప్రవళిక


టెలిగ్రాం
పుణె, 17 జూలై 1996

గంబూట్లతో గుర్రం ఎక్కవద్దు. ఒక్కసారి కూడా వద్దు. ఉత్తరం వస్తోంది. దానియేలు.


పుణె
17 జూలై 1996

బిడ్డా,

టెలిగ్రాం ఇచ్చి వచ్చి ఇది రాస్తున్నాను. తొందరలో గీకుతున్నాను, అక్షరాలు చూసి నవ్వకు.

నువ్వు ఎంత తిట్టినా పడతాను. కాని చెప్పేది విను. లాయం కడగడానికి గంబూట్లు మంచివే. కడగడం అయిపోగానే విప్పి పక్కన పెట్టు. జీను మీదికి మాత్రం వద్దు. జీనుకు వేలాడే రికాబులో కాలు పెడితే ఎంత సులువుగా దూరుతుందో అంత సులువుగా ఊడి రావాలి. గుర్రం మీంచి పడ్డవాడిని గుర్రం చంపదు. ఊడిరాని కాలు చంపుతుంది. టైరు పండ్లు రికాబు ఇనుమును కరిచి పట్టుకుంటాయి. గంబూటు వెడల్పు, దాని అంచు బయటికి వస్తుంది, ఒక్కసారి లోపలికి జారితే మెలిక పడుతుంది.

స్వారీ బూటు అడుగు నున్నగా ఉండాలి. మడమ ఒక అంగుళం ఎత్తు ఉండాలి, అప్పుడు పాదం రికాబులోంచి అవతలికి దూసుకుపోదు. బూటు వేసుకొని రికాబులో కాలు పెట్టినప్పుడు రెండు పక్కలా చిటికెనవేలు పట్టేంత ఖాళీ ఉండాలి. పిక్క దగ్గర బిగుతుగా, చీలమండ దగ్గర వంగేలా. కొత్త బూటు కొనేవాళ్లు పొద్దున్నే కొలత ఇస్తారు, అది తప్పు. సాయంత్రం కాలు కొంచెం ఉబ్బుతుంది, అప్పుడు మేజోడు వేసుకొని కొలవాలి.

పేపరు మీద రెండు పాదాలూ పెట్టి పెన్సిలుతో గీసి పంపు. పిక్క చుట్టు కొలత, మోకాలి కింద నుంచి నేల దాకా కొలత రాయి. నేను కుడతాను. అవి వచ్చేదాకా ఎక్కకు.

ఎందుకింత భయం అంటావేమో. ఒక మనిషికి జరిగింది నా కళ్లతో చూశాను. అంతకంటే అడగకు.

దానియేలు


తార్నాక
23 జూలై 1996

చిన్నాయనా,

నిరోష ఊరికి వెళ్లింది. నీ టెలిగ్రాం వార్డెన్ బల్ల మీద రెండు రోజులు పడి ఉంది. నాకు చేరింది పందొమ్మిదో తేదీ సాయంత్రం. నేను పడింది పద్దెనిమిదో తేదీ పొద్దున.

బతికే ఉన్నాను, భయపడకు. ఎడమ మోచేయి, నడుము చీరుకుపోయాయి. వానలో దిగుతుంటే కుడికాలు కిందికి వచ్చింది, ఎడమకాలు రికాబులోంచి రాలేదు. పండ్లు కరిచి పట్టాయి. నేను వెల్లకిలా పడ్డాను. గుర్రం బెదిరి నడక మొదలుపెట్టింది. నా తల బురదలో, కాలు ఆకాశంలో. మా దగ్గర చంద్రయ్య అని ముసలి సాయీసు ఉన్నాడు, అంటే గుర్రాలను చూసుకునే మనిషి, నాన్నను ఎరిగినవాడు. ఆయన ఉరికొచ్చి కళ్లెం పట్టుకున్నాడు. "కాలు గుంజకు, గుంజకు బిడ్డా! బూటు ఇడ్సెయ్!" అని అరిచాడు. బూటులోంచి కాలు లాగేశాను. ఖాళీ గంబూటు రికాబుకే వేలాడుతూ ఉండిపోయింది.

నన్ను గడ్డిమోపు మీద కూర్చోబెట్టి ఆయన ఏడ్చాడు చిన్నాయనా. "మీ నాయన గిట్లనే పోయిండు. గీ పండ్ల బూట్లే," అన్నాడు.

"మా నాన్న తాగి గుర్రం మీంచి పడ్డాడు కదా?" అన్నాను.

"ఎవలు చెప్పిన్రు నీకు? వెంకటస్వామి జిందగీల సీసా ముట్టలే. మల్కాజ్‌గిరిల సేటు లాయంల ఇద్దరం ఒక్కతాననే పని జేసినం. గా దినం నేను గేటు కాడున్న. బూటు రికాబుల ఇరికింది, గుర్రం గేటు దాక గుంజుకపోయింది."

"మరి పద్నాలుగేళ్లుగా ఎందుకు చెప్పలేదు?"

ఆయన నా మొహంలోకి చూడలేదు. "నన్నెవలడిగిన్రు బిడ్డా? సేటు ఉప్పు తింటుంటిమి," అన్నాడు.

మా నాన్నకు బూట్లున్నాయని నాకు ఇన్నాళ్లూ తెలియదు. సాయీసు జీతానికి బూట్లెక్కడివి? ఎవరు కొనిచ్చారు? ఎవరు కుట్టారు? నువ్వు "నా కళ్లతో చూశాను" అని రాసిన మనిషి ఎవరు?

కొలతలు దీంతో పంపుతున్నాను. నీ మీద ప్రేమతో కాదు. నాకు పని కావాలి కాబట్టి. నా ప్రశ్నకు మాత్రం జవాబు కావాలి. అంతకంటే అడగకు అన్నావు. అడుగుతున్నాను.

ప్రవళిక


పోస్టు కార్డు
తార్నాక, 20 ఆగస్టు 1996

దానియేలు గారికి,

నెల కావస్తోంది. కావాలనే కార్డు రాస్తున్నాను. మీ పోస్ట్‌మ్యాన్ చదవనీ, మీ దుకాణంలో వాళ్లు చదవనీ. మా నాన్న ఆ రోజు తాగాడా, లేదా? ఒక్క మాట చాలు.

వెంకటస్వామి కూతురు


పుణె
29 ఆగస్టు 1996

ప్రవళికా,

తాగలేదు.

నువ్వు ఒక్క మాట చాలన్నావు, కాని అక్కడ ఆగితే నేను మళ్లీ దాక్కున్నట్టే.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. సికింద్రాబాదులో ఒక బూట్ల దుకాణంలో పని నేర్చుకుంటున్నాను. మీ నాన్న కాళ్లు వానాకాలం వస్తే నీళ్లలో నాని పుండ్లయ్యేవి, ఇప్పుడు నీకు అవుతున్నట్టే. రాత్రి వదినె పసుపు రాసేది, పొద్దున్నే మళ్లీ నీళ్లలో దిగేవాడు. నేను చూడలేకపోయాను. దుకాణంలో మిగిలిన తోలు ముక్కలు జమ చేసి, మైనం, కొవ్వు కలిపి పట్టించి, ఒక జత కుట్టాను. అడుగుకు పాత జీపు టైరు కోసి వేశాను. నేను కుట్టిన మొదటి బూట్లు అవి. మడమ పెట్టడం నాకప్పటికి రాదు. టైరు అంచు బయటికి ఉంటే చెక్కలేదు, గట్టిగా ఉంటుందిలే అనుకున్నాను. అన్న వేసుకొని నీళ్ల తొట్టిలో నిలబడి, "ఓరి దానిగా, చుక్క రాలే!" అని అరిచాడు. లాయంలో అందరికీ కాళ్లెత్తి చూపించాడు. లాయం పనికి కుట్టాను నేను. సాయీసు గుర్రం పక్కన నడుస్తాడు కాని ఎక్కడు కదా అనుకున్నాను.

ఆ రోజు సేటు కొత్త గుర్రాన్ని తెప్పించాడు. ఎవరో చూడటానికి వచ్చారు. వానలో అన్నను ఎక్కి తిప్పమన్నాడు. అన్న వద్దన్నాడు, ఇంకా మాలిమి కాలేదన్నాడు. సేటు వినలేదు. మల్కాజ్‌గిరి స్టేషన్‌లోకి రైలు వస్తూ కూత వేసింది. గుర్రం ముందుకాళ్లెత్తి లేచింది. నేను ఆ రోజు అన్నకు సద్ది తీసుకొని వచ్చి గోడ దగ్గర నిలబడి ఉన్నాను.

గేటు దగ్గర గుర్రాన్ని ఆపారు. కాలు అప్పటికీ రికాబులోనే ఉంది. నేనే కత్తితో బూటు కోసి కాలు తీశాను. అప్పుడే సేటు గుమాస్తా, "తాగి ఎక్కిండు, మేం వద్దన్నం," అని గట్టిగా అన్నాడు, అందరికీ వినపడేలా. నేను నోరు తెరిచి ఉంటే, తాగలేదు, బూటు ఇరికింది అని చెప్పాలి. ఎవరు కుట్టారు అని అడుగుతారు. నేను అన్నను చంపానని అంటారు. జైలు అనుకున్నాను, దుకాణంలోంచి తోసేస్తారనుకున్నాను. అన్నిటికంటే, వదినె నా మొహం చూడదనుకున్నాను. రెండో బూటు కూడా విప్పి, రెండూ సంచిలో వేసుకొని గోల్నాక వంతెన మీంచి మూసీలో పడేశాను. సమాధి అయిన నాలుగో రోజు రైలెక్కాను.

సేటు మిమ్మల్ని క్వార్టర్‌లోంచి వెళ్లగొట్టాడనీ, సంఘ పెద్దలు తాగి చచ్చినవాడని ప్రార్థన చెయ్యకుండా పూడ్చారనీ నాకు తెలుసు. ప్రార్థన లేనప్పుడు నేను అక్కడే ఉన్నాను. అప్పుడైనా చెప్పాల్సింది.

ఇదే నా సంగతి. నీ బూట్లు వేరే డబ్బాలో పంపాను. పదకొండు రోజులు పట్టింది. అడుగు నున్నగా ఉంటుంది. అంచులు మూడుసార్లు చెక్కాను.

దానియేలు


తార్నాక
9 సెప్టెంబర్ 1996

నిన్ను ఏమని పిలవాలో తెలియక పైన ఏమీ రాయలేదు.

నాకు పద్నాలుగేళ్లప్పుడు చర్చి సండే స్కూల్లో ఒకమ్మాయి నా పక్కన కూర్చోనంది. "వాళ్ల డాడీ తాగుబోతంట" అంది. నేను ఇంటికొచ్చి నాన్న ఫోటో గోడకు తిప్పి పెట్టాను. చచ్చిపోయిన మనిషి మీద నేను ఎనిమిదేళ్లుగా కోపంగా ఉన్నాను. తాగకపోతే మాకు ఇల్లు ఉండేది కదా అనుకున్నాను. ఆ కోపం అంతా నువ్వు దాచిన ఒక్క మాట మీద నిలబడింది. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టమంటావు? నీ మీద పెడితే సరిపోతుందా? నేను ఆయనను తిట్టుకున్న తిట్లన్నీ ఎవరు వాపసు తీసుకుంటారు?

బూటు కుట్టినందుకు కాదు. ఇరవై మూడేళ్లవాడు భయపడ్డాడు, అదీ అర్థం చేసుకోగలను. ముప్పై ఏళ్లు వచ్చాయి కదా? ముప్పై ఐదు? దుప్పట్లు పంపడానికి పోస్టాఫీసుకు వెళ్లినవాడివి ఆ మాట ఒక్క కార్డు మీద రాయలేకపోయావా?

నీ ఉత్తరం మొత్తం అమ్మకు చదివి వినిపించాను. నేను గుర్రం ఎక్కే సంగతి, పడిన సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. లేచి వచ్చి నన్ను చెంప మీద కొట్టింది. ఇరవై రెండేళ్లదాన్ని. ఆ తర్వాత మోచేయి చూపించమంది. అది మొన్నటి సంగతి. ఈ రోజు పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, "కాయితం తియ్, నేను చెప్తా, రాయి," అంది. వెనక కాగితం ఆమెది.

ప్రవళిక


మరిది దానియేలుకు వదినె అమృతమ్మ రాయిస్తున్నది.

బిడ్డె రాస్తున్నది. నేను చెప్పింది చెప్పినట్టే రాయమన్న. సక్కజెయ్యద్దన్న.

నీ ఉత్తరం రెండుసార్లు సదివిచ్చుకున్న. మూడోసారి అద్దన్న.

ఆయన తాగలేదని నాకు తెల్వదనుకున్నవా? ఆయన్ని కడిగింది నేను గాదా? మూతి తుడిసిన. పెనిమిటి నోటి వాసన పెండ్లానికి తెల్వదా? పొద్దుగాల తిన్న ఉల్లిగడ్డ వాసనొచ్చింది, అంతే. తాగలే తాగలే అని అందరికి మొత్తుకున్న. పెండ్లాం గట్లనే అంటది తియ్యి అన్నరు. అప్పటిసంది నోరు మూసుకున్న, బిడ్డెకు గూడ చెప్పలే. కాళ్లు ఉత్తయే ఉండె. బూట్లేడ వోయినయ్ దానియేలూ అని నిన్ను అడిగిన. తెల్వది వదినె అన్నవ్. యాదికున్నదా?

బూటు ఇరికిందని నాకు కోపం లేదు. ఆయన కాళ్లు సూడలేక కుట్టినవ్. గా బూట్లేసుకున్నంక ఆయన ఎంత సంబురపడ్డడో నేను జూసిన. గా పాపం నీ మీద పెట్ట. కాని గా మాట ఎరుకున్నోళ్లల్ల నేనొక్కదాన్నే అనుకున్న ఇన్నేండ్లు. నీకు గూడ ఎరుకేనట. గదే నాకు మండుతున్నది. నా పక్కకు ఇంకొక్క నోరు లేస్తె, ఒక్క నోరు, నేను గింత ఒంటిగ ఉండకపోదును గదా?

ఉత్తరంల చెప్తె నాకు చెప్పినట్టు. నాకు ముందే తెల్సు. తెల్వనోళ్లకు చెప్పు. అక్టోబరు మొదటి ఐతారం చర్చికి రా. అందరి ముంగట నిలవడి చెప్పు.

నీ డబ్బ వచ్చింది. ఇప్పలే. నువ్వు చెప్పినంక ఇప్పుత. రాకుంటె వాపసు పంపుత.

బిడ్డె గుర్రం ఎక్కుతదట. ఆయన బిడ్డె గద. ఏం జెయ్యాలె.

అమృతమ్మ


పోస్టు కార్డు
పుణె, 19 సెప్టెంబర్ 1996

వదినెకు వందనాలు. వస్తున్నాను. శనివారం రాత్రి బండి, ఆదివారం పొద్దున దిగుతాను. నేరుగా చర్చికే వస్తాను.

దానియేలు


తార్నాక
15 అక్టోబర్ 1996

చిన్నాయనా,

మళ్లీ చిన్నాయనా అని రాస్తున్నాను కాబట్టి కోపం పోయిందనుకోకు. ఇది కొత్త కోపం.

వచ్చావు. నిలబడ్డావు. "మా అన్న వెంకటస్వామి తాగలేదు. నేను కుట్టిన బూటు రికాబులో ఇరికి చనిపోయాడు. సేటు ఎక్కమంటే ఎక్కాడు. నాకు తెలిసి కూడా చెప్పలేదు," అన్నావు. తల వంచుకొని నడిమి దారిలోంచి బయటికి వెళ్లిపోయావు. నేను రోడ్డు దాకా పరుగెత్తాను. ఆటో ఎక్కేశావు. అమ్మ పొద్దున్నే లేచి నీకోసం కోడికూర వండిపెట్టి వచ్చింది, తెలుసా? నాలుగు ముక్కలు మాట్లాడి పారిపోవడం నీకు మా వంశంలో ఎవరు నేర్పారు?

నువ్వు వెళ్లాక జరిగింది నీకు తెలియాలి.

సంఘ పెద్ద, అప్పుడు ప్రార్థన చెయ్యనన్న ముసలాయనే, గొంతు సవరించుకొని, "సరే, ప్రభువుకు స్తోత్రం, పాట పాడుకుందాం," అన్నాడు. అమ్మ చివరి బెంచీ మీంచి లేచింది. "పాట ఆగనియ్యండి. ముందుగాల సమాధుల పుస్తకం తియ్యుండ్రి. తాగి సచ్చిండని రాసిన కాడ కొట్టెయ్యుండ్రి," అంది. ఆయన తర్వాత చూద్దామన్నాడు. అమ్మ కూర్చోలేదు. మోకాళ్ల నొప్పికి బెంచీ పట్టుకొని అలాగే నిలబడింది. చివరికి బీరువా తెరిచి పుస్తకం తెచ్చారు. నన్నే చదవమన్నారు.

వెంకటస్వామి, వయసు ముప్పై రెండు, సమాధి చేసిన తేదీ. అంతే. తాగుడు గురించి ఒక్క అక్షరం లేదు.

సంఘ పెద్ద ఊపిరి పీల్చుకొని, "చూసినవా అమ్మా, మేం ఏం రాయలేదు," అన్నాడు.

అమ్మ ఆ పుస్తకం నా చేతుల్లోంచి తీసుకొని మూసింది. "రాసుంటెనే మంచిగుండు. రాసింది కొట్టేస్తరు. నోట్లకెళ్లి అన్నది ఎట్ల కొట్టేస్తరు?" అంది. "అయితె ఎవలెవలు అన్నరో, వాళ్ల ఇంటికే వస్త. గా నోటితోటే మళ్ల అనిపిస్త," అని చెప్పి, నా చెయ్యి పట్టుకొని బయటికి వచ్చేసింది.

ఉత్త మాట అనుకున్నాను. కాదు. ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. గోల్నాకలో మన పాత సంఘం వాళ్ల ఇళ్లు పదకొండు అయ్యాయి ఇప్పటికి. వాకిట్లో నిలబడుతుంది. "నా పెనిమిటి తాగలేదు. మీరు తాగిండన్నరు. ఇప్పుడు తాగలేదనుండ్రి," అంటుంది. కాశమ్మ అత్త ఏడ్చి అమ్మ కాళ్లు పట్టుకుంది. ఒకాయన తలుపు వేసుకున్నాడు. అరగంట వానలో ఆ తలుపు ముందే నిలబడ్డాం. అమ్మ అరవలేదు, తట్టలేదు. ఆయన భార్యే బయటికి వచ్చి, "తాగలేదు అక్కా, తాగలేదు, లోపలికి రా," అంది. లోపలికి వెళ్లలేదు. మాట తీసుకొని వచ్చేశాం.

చంద్రయ్యను కూడా వదల్లేదు. లాయానికే వచ్చింది, పద్నాలుగేళ్ల తర్వాత మొదటిసారి గుర్రాల మధ్యకు. ఆయన టోపీ తీసి నిలబడ్డాడు. "నిన్నెవలడగలేదన్నవట. నేను అడుగుతున్న," అంది. ఆయన అంతా చెప్పాడు, గడ్డి మోసేవాళ్ల ముందు, సూర్యనారాయణ గారి ముందు. వెళ్లేముందు అమ్మ నా గుర్రం మెడ మీద చెయ్యి వేసింది. వెంటనే తీసేసింది.

చర్చి నుంచి వచ్చిన రోజే అమ్మ నీ డబ్బా విప్పింది. బూటులో చెయ్యి పెట్టి లోపలంతా తడిమి, అంచు మీద వేలు రాసి, "మంచిగ చెక్కిండు," అంది. నేను వాటితోనే పని చేస్తున్నాను. వారం వానలో తడి లోపలికి రాలేదు. రికాబులోంచి కాలు వెంటనే వస్తోంది, రోజూ ఎక్కేముందు పదిసార్లు పెట్టి తీసి చూస్తాను. పిల్లల చేత కూడా చేయిస్తున్నాను. గంబూట్లు వేసుకొచ్చిన ఒక పిల్లవాణ్ణి ఎక్కనివ్వలేదు. వాళ్ల నాన్న నా మీద కేకలేశాడు. నేనూ వేశాను. సూర్యనారాయణ గారు నా పక్కనే నిలబడ్డాడు, ఆశ్చర్యం.

బూట్లు బాగున్నాయని రాశానంటే నిన్ను క్షమించానని కాదు. అది ఎప్పుడు అవుతుందో నాకు తెలియదు. అవుతుందో లేదో కూడా తెలియదు. ఇంకా రాత్రిళ్లు నీతో మనసులో పోట్లాడుతూనే ఉన్నాను. కాని ఉత్తరాల్లో పోట్లాడి విసుగొచ్చింది.

ఇరవై ఏడో తేదీ ఆదివారం పదింటికి మల్కాజ్‌గిరి స్టేషన్ బయట ఉండు. ఈసారి ఆటో ఎక్కి పారిపోతే నేను పుణె వస్తాను, నీ దుకాణం ముందు నిలబడి అమ్మలాగే అడుగుతాను. చంద్రయ్య వస్తానన్నాడు. అమ్మ కొత్త చీర తీసి పెట్టుకుంది.

సేటు బతికే ఉన్నాడు. అమ్మ కనుక్కుంది.

ప్రవళిక